కన్వర్టిబుల్ కారు సాఫ్ట్ టాప్, అద్దాలు శుభ్రం చేసుకోవడం ఎలా?

కన్వర్టిబుల్ అంటే పైకప్పు మడిచేయగలిగే కారు. సాఫ్ట్ టాప్ అంటే ఆ కారుకు తొడిగిన బట్టలాంటి మెత్తటి పైకప్పు. రేకు మీద దుమ్ము పైపైనే ఉంటుంది, తుడిస్తే పోతుంది. గుడ్డ మీద దుమ్ము నేత సందుల్లోకి దిగి, టాప్ మడిచిన ప్రతిసారీ గరుకు కాగితంలా దారాలను అరగదీస్తుంది. అందుకే టాప్ మాసినట్టు కనిపించేదాకా ఆగకండి.

ముందు మీ టాప్ దేనితో చేసిందో చూడండి. నేత కనిపిస్తూ చేతికి గరుగ్గా తగిలితే గుడ్డ, తోలులా నున్నగా ఉంటే వినైల్, అంటే ఒక రకం ప్లాస్టిక్. గుడ్డ టాప్‌లకు సాధారణంగా మూడు పొరలుంటాయి: పైన నేత, మధ్యలో రబ్బరు, లోపల లైనింగ్. పై నేతలోకి నీళ్లు ఇంకకుండా ఒక పూత ఉంటుంది. బట్టల సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ ఆ పూతను తినేస్తాయి. సాఫ్ట్ టాప్ కోసమే తయారైన షాంపూ వాడండి. బ్లీచ్, థిన్నర్, కిరోసిన్ లాంటివి దగ్గరికే రానివ్వద్దు.

టాప్ కడగడం

1. కారును నీడలో పెట్టి, టాప్ మూసి, అద్దాలు ఎక్కించండి. పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో నేత వెంబడి దులపండి. పిట్టల రెట్ట పడి ఉంటే గీకొద్దు. తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే నానిపోయి వచ్చేస్తుంది.

2. మామూలు పైపు నీళ్లతో టాప్ అంతా తడపండి. ప్రెషర్ వాషర్ వద్దు. ఆ దెబ్బకు కుట్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి, అంచులు ఊడొస్తాయి. తిరిగే బ్రష్షులుండే ఆటోమేటిక్ వాష్‌కూ తీసుకెళ్లొద్దు.

3. షాంపూ నురగతో కొంచెం కొంచెం భాగం తీసుకుని మెత్తటి బ్రష్‌తో రుద్దండి. నా నల్లటి టాప్ శుభ్రంగానే ఉందని నేను అనుకునేవాణ్ని. మొదటిసారి బ్రష్ నాలుగుసార్లు ఆడించేసరికి తెల్లటి నురగ మట్టి రంగుకు తిరిగింది. నురగ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

4. నురగ చుక్క మిగలకుండా కడగండి. షాంపూ మిగిలితే తెల్లటి చారలు కడతాయి.

5. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, గాలికి వదిలేయండి. తడి టాప్‌ను మాత్రం మడవకండి. మడతల్లో తడి ఆగితే బూజు పడుతుంది, వాసన వస్తుంది, ఆ మచ్చలు పోవడం చాలా కష్టం. పైన ఆరినట్టున్నా కుట్ల దగ్గర వేలితో నొక్కి చూడండి.

పూత మళ్లీ వేయాలా?

టాప్ మీద కాసిని నీళ్లు చల్లండి. ముత్యాల్లా నిలిచి జారిపోతే పూత బాగున్నట్టే. ఇంకి ముదురు మచ్చలా పరుచుకుంటే మళ్లీ వేయాలి. అద్దాలు, పెయింట్ మీద పడకుండా ప్లాస్టిక్ షీట్ కప్పి టేపు అంటించండి. పూర్తిగా ఆరిన గుడ్డ మీద వాటర్‌ప్రూఫ్ స్ప్రే రెండుసార్లు పలచగా కొట్టండి. ఎంతసేపు ఆరనివ్వాలో డబ్బా మీద ఉంటుంది, ఆ మాట తప్పకుండా పాటించండి. వినైల్‌కు ఈ స్ప్రే పనికిరాదు. ఎండకు బీటలివ్వకుండా కాపాడే వినైల్ ప్రొటెక్టెంట్ వేరే ఉంటుంది.

అద్దాలు

వెనక కిటికీ ప్లాస్టిక్‌దైతే అతి జాగ్రత్త అవసరం. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచినా గీతలు పడతాయి. తర్వాత ఎదురు ఎండలో ఆ గీతలన్నీ మెరిసి వెనక బండి కనిపించదు. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము పోనివ్వండి. తర్వాత షాంపూ నీళ్లు, మెత్తటి తడిగుడ్డ. గుండ్రంగా తిప్పకుండా ఒకే దిశలో లాగండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ప్లాస్టిక్‌ను మసకబారుస్తుంది. బాగా చలిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది, అప్పుడు టాప్ మడిస్తే పగలొచ్చు.

వెనకది గాజు అయితే ఇంత టెన్షన్ లేదు. లోపలివైపు డీఫాగర్ గీతలు (అద్దం మీది ఆవిరి పోగొట్టే సన్నటి వేడి తీగలు) ఉంటే మాత్రం గుడ్డను వాటి వెంబడే నడపండి, అడ్డంగా రుద్దితే తెగే ప్రమాదం ఉంది.

పక్క అద్దాలను రెండు వేళ్ల మందం దించి పై అంచు తుడవండి. చాలామంది వదిలేసే చోటు అది. అక్కడి మురికే అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీని, అంటే బీడింగ్‌ను అరగదీస్తుంది. బీడింగ్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరాక రబ్బరు కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి.

చివరగా, టాప్ మీది నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రాలు. చాలా కార్లలో ఇవి సీట్ల వెనక, టాప్ మడిచే చోట ఉంటాయి. ఆకులు అడ్డుపడితే ఆ నీళ్లు కారులోకే దిగి కార్పెట్ తడుస్తుంది. చేత్తో ఆకులు తీసి, చిన్న గ్లాసుతో మెల్లగా నీళ్లు పోసి, వంగి కారు కింద చూడండి. అటువైపు చుక్కలు పడుతుంటే దారి తెరుచుకున్నట్టే.