మిరుగం వచ్చేలోపు: పెద్దవాళ్లకు పుండు పడకుండా, పడ్డా ముదరకుండా

మిరుగం, అంటే మృగశిర కార్తె, జూన్ 8కి అటూఇటూగా వస్తుంది. అప్పటి నుంచి నాట్లు అయిపోయేదాకా మన దిక్కు కాళ్లకు తగిలే దెబ్బలకు లెక్కుండదు. పత్తి కట్టె మోళ్లు, వరి కొయ్యకాళ్లు, బురదలో సీసా పెంకులు, పాచి పట్టిన బాత్రూం గచ్చు. పత్తి మోడు గుచ్చుకుంటే ముప్పై ఏళ్ల కొడుక్కి వారం పది రోజుల్లో మానుతుంది. డెబ్బై దాటిన నాయినమ్మకు అదే మోడు గుచ్చుకుంటే దసరా దాకా కట్టు విప్పలేని పరిస్థితి రావచ్చు. "ఏం గాదు బిడ్డా, గీసుకున్నదంతే" అని ఆమె చీర కొంగుతో తుడుచుకుని పనిలో పడుతుంది. మనం కూడా నమ్మేస్తాం. అందుకే ఈ జాగ్రత్తలు మే నెలలోనే మొదలుపెట్టాలి.

పుండు మానకపోవడానికి వయసొక్కటే కారణం కాదు. ఎనభైలో కూడా పొద్దున్నే పొలం దాకా నడిచొచ్చే తాతకు దెబ్బ చక్కగానే మానొచ్చు, అరవై ఎనిమిదికే నీరసపడిపోయిన మనిషికి మానకపోవచ్చు. ఈ నీరసాన్నే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. అనుకోకుండా బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతిలో పట్టు సడలడం, నడక మెల్లబడటం, రోజంతా మంచానికో అరుగుకో పరిమితమవడం: ఈ ఐదింటిలో మూడు కనిపిస్తే మనిషి బలహీనపడ్డట్టే లెక్క.

ఇంట్లోనే చూసుకోవచ్చు. నాలుగు మీటర్లు కొలిచి, మామూలుగా నడిచే తీరులోనే నడవమనండి. అయిదు సెకన్లకంటే ఎక్కువ పడితే నడక మందగించినట్టు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి, పిక్క బాగా లావుగా ఉన్నచోట వాళ్ల వేళ్లతోనే చుట్టి పట్టుకోమనండి. వేళ్లు కలిశాక ఇంకా సందు మిగిలితే కండ కరిగిపోయి ఉండొచ్చని అర్థం. గాయం పూడటానికి ఒంటికి కావాల్సిన సరుకు అక్కడి నుంచే రావాలి. అలాంటప్పుడు పైన ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ పూసినా లోపలి లోటు తీరదు.

అందుకే నేను అన్నిటికంటే ముందు తిండి గురించే చెప్తాను. మన ఇళ్లల్లో దెబ్బ తగలగానే పత్తెం మొదలవుతుంది. పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడని, వంకాయ దురదని ఒక్కొక్కటే తీసేసి చివరికి చారన్నం, మజ్జిగన్నం మిగులుస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ పుండును ఆకలికి మాడ్చే పని. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పెద్దవయసులో రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. పుండు ఉన్నప్పుడు 1.25 నుంచి 1.5 దాకా కావాలి. అంటే 50 కిలోల మనిషికి దాదాపు 62 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది, గ్లాసు పాలలో ఆరేడు, గుప్పెడు పల్లీల్లో ఏడెనిమిది. కాబట్టి పొద్దున రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, సాయంత్రం పల్లీలో పుట్నాలో, రాత్రి పాలు. పళ్లు లేనివాళ్లకు పల్లీలు పొడి కొట్టి పెట్టండి. మిరుగం నాడు ఎలాగూ చేపలు తెస్తారు కదా, ముల్లు తీసిన ముక్కలు ముందు ముసలివాళ్ల పళ్లెంలో వేయండి. ఆ ఒక్క రోజుతో ఆపకండి. జామకాయ, నిమ్మకాయ, ఉసిరికాయల్లోని విటమిన్ సి కూడా గాయం మానడానికి కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రొటీన్ ఎంతన్నది డాక్టరునే అడగాలి.

షుగర్ ఉన్నవాళ్లయితే వానలకు ముందే రక్తపరీక్ష చేయించి, కాళ్లు చూపించుకోవాలి. స్పర్శ పోయిన పాదానికి ముల్లు దిగినా తెలియదు. రోజూ రాత్రి ఇంట్లో ఒకరు వాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో చూసి, పొడి బట్టతో తడి తుడవాలి. చెప్పులు దులిపి వేసుకోవాలి, ఇంట్లో కూడా వేసుకోవాలి. వేడినీళ్ల కాపడం వద్దు, కాలిందని కూడా తెలియదు. చుట్ట, బీడీ మానగలిగితే పాదాలకు రక్తం బాగా అందుతుంది. కీళ్లనొప్పులకని ఏళ్ల తరబడి వాడే గోళీల్లో స్టెరాయిడ్ ఉందేమో అడిగి తెలుసుకోండి. అది పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. అలాగని ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం, డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

దెబ్బ తగిలితే

ముందు శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి రక్తం ఆపండి. తర్వాత తాగే నీళ్లు ధారగా పోసి మట్టి పోయేదాకా కడగండి. పసుపు, కాఫీ పొడి, పేడ, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టొద్దు. స్పిరిట్, నీళ్లు కలపని డెటాల్ కూడా అంతే, కొత్తగా పుట్టే కణాలను చంపేస్తాయి. పుండు ఎండితేనే మానుతుందన్నది తప్పు. కొంచెం తేమ నిలిచేలా శుభ్రమైన గాజుగుడ్డతో (కట్టు కట్టే పలచని బట్ట) కప్పి ఉంచితేనే తొందరగా పూడుతుంది.

పెద్దవాళ్ల చేతుల మీద చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. తలుపు గొళ్లేనికి గీసుకుంటే చాలు, చిన్న మూతలా లేచిపోతుంది. ఆ లేచిన చర్మాన్ని పీకేయొద్దు, కత్తిరించొద్దు. నీళ్లతో కడిగి, తడి గాజుగుడ్డ కొసతో మెల్లగా నెడుతూ దాని చోట దాన్ని పరచండి. పైన వ్యాజిలిన్ రాసిన గాజుగుడ్డ వేసి, దాని మీద బ్యాండేజీ గుడ్డ వదులుగా చుట్టండి. ప్లాస్టర్ మాత్రం చర్మానికి అంటించొద్దు, తీసేటప్పుడు ఇంకో పొర లేస్తుంది. ఇలా పరిచిన చర్మం చాలాసార్లు తిరిగి అతుక్కుంటుంది.

మట్టి దెబ్బకు ధనుర్వాతం సూది (అప్పట్లో టీటీ, ఇప్పుడు టీడీ) అవసరమా కాదా పీహెచ్‌సీలో అడగండి. చిన్నప్పుడు టీకాలే పడని తరం వాళ్లది. అయితే ఆ సూది ధనుర్వాతం రాకుండా ఆపుతుంది గానీ, పుండు చీము పట్టకుండా ఆపదు. "సూది వేయించినం కదా" అని ఊరుకోవద్దు.

కిందపడి తుంటి విరిగో, జ్వరంతోనో మంచం పట్టినవాళ్లకు పడకపుండ్ల భయం ఎక్కువ. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. నడుము కింద, మడమల మీద ఎరుపు కనిపించి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దొద్దు, బరువు పడకుండా చేయండి.

ముసలివాళ్లకు చీము పట్టినా జ్వరం రాకపోవచ్చు. తిండి మానేయడం, పగలంతా మత్తుగా పడుకోవడం, పొంతన లేని మాటలు, ఉన్నట్టుండి మంచం దిగలేకపోవడం: ఇవే వాళ్లలో గుర్తులు. గాయం చుట్టూ ఎరుపు అంచు మీద పెన్నుతో గీత గీయండి, ఎరుపు గీత దాటితే ఆ రోజే దవాఖానకు పోవాలి. చెడు వాసన, నల్లబడటం, పాదం చల్లబడటం, ఎముక కనిపించడం ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకుపోండి. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద ఎంత చిన్న పుండైనా ఒకటి రెండు రోజుల్లో చూపించాల్సిందే. మిగతావాళ్లకు రెండు వారాల్లో పుండు చిన్నది కాకపోతే చూపించండి.

2023 జులై ఆఖరులో వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్లపైకీ చెట్లపైకీ ఎక్కారు. దారులు తెగే ఊరు మీదైతే రెండు వారాలకు సరిపడా షుగర్, బీపీ గోళీలు, గాజుగుడ్డ, బ్యాండేజీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి. పుండు ఉన్నవాళ్లకు వారానికోసారి, సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోన్లో ఫొటో తీయండి. డాక్టరుకు ఆ ఫొటోలు వరసగా చూపించి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి సహా వాడుతున్న గోళీలన్నీ సంచిలో వేసుకుని తీసుకుపోండి.