పని చేసే చోట ఫైర్ డోర్లను ఎలా చూసుకోవాలి, ఎలా బాగుచేయాలి?

మంటనూ పొగనూ కొంతసేపు అవతలికి పోకుండా ఆపే ఫైర్ డోర్ అంటే మందపాటి తలుపు రెక్క ఒక్కటే కాదు. రెక్క, చౌకట్టు, మడత బందులు, గడియ, తలుపును దానంతట అదే మూసే క్లోజర్, అంచుల వెంట ఉండే సీల్ పట్టీలు, అద్దం అన్నీ కలిపి ఒకే సెట్టుగా కొలిమి ముందు నిలబెట్టి పరీక్షిస్తారు. 30, 60, 120 నిమిషాలు అనే రేటింగు, అంటే మంటకు ఎంతసేపు నిలుస్తుందనే లెక్క, ఆ మొత్తం సెట్టుది. అందులో ఒక్క భాగాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చినా ఆ నిమిషాల మీద నమ్మకం పెట్టుకోలేం. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టే ముందే, ఏది మనం చేయవచ్చో ఏది చేయకూడదో తెలిసి ఉండాలి.

1. లేబుల్ వెతకండి

తలుపు రేటింగు తెలిపే లేబుల్ సాధారణంగా రెక్క పై అంచు మీదో, బందుల వైపు అంచు మీదో ఉంటుంది. దాని మీద రంగు పూసి ఉంటే అక్షరాలు చెడకుండా జాగ్రత్తగా తీయించండి. ప్రతి తలుపుకూ ఒక నంబరు ఇచ్చి, లేబుల్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. రేపు విడిభాగం కొనాలంటే ఈ వివరాలే ఆధారం.

2. తెరిచి వదిలేయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు. తలుపును పూర్తిగా తెరిచి వదలండి. తర్వాత సగం తెరిచి, చివరికి బెత్తెడు మాత్రం తెరిచి వదలండి. మూడుసార్లూ దానంతట అదే మూసుకుని, గడియ నాలుక చౌకట్టులోని గుంతలో పడాలి. దగ్గరకొచ్చి ఆగిపోతే అది మూసుకున్నట్టు కాదు. మంట వల్ల గదిలో పెరిగే ఒత్తిడికి అలాంటి తలుపు తెరుచుకుపోతుంది. బెత్తెడు తెరిచినప్పుడు రెక్కకు ఊపు ఉండదు కాబట్టి, లోపం ఎక్కువగా అక్కడే బయటపడుతుంది. ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నడుస్తుండగా ఒకసారి, ఆపేశాక ఒకసారి చూడండి. గాలి ఒత్తిడి తలుపును ఆపేస్తున్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

3. కారణం తెలిశాకే క్లోజర్ జోలికి వెళ్లండి

గడియ పడకపోతే చాలామంది నేరుగా క్లోజర్‌నే బిగిస్తారు. అసలు జబ్బు మరోచోట ఉండొచ్చు. బందుల స్క్రూలు వదులై రెక్క కిందికి జారిందా, కింద తివాచీకి రాసుకుంటోందా అని ముందు చూడండి. గడియ నాలుకకు సుద్ద పూసి తలుపు మూయండి. గుర్తు గుంతకు పైనో కిందో పడితే రెక్క జారినట్టే.

స్క్రూలన్నీ బిగించండి, లేనిచోట అదే సైజు ఉక్కు స్క్రూ పెట్టండి. రంధ్రం పెద్దదైందని అగ్గిపుల్లలు దూర్చొద్దు. బందు కింద నల్లటి పొడి రాలుతుంటే అది లోపల అరిగిపోయింది. అదే కొలతలో, అగ్నిరేటింగు ఉన్న బందుతోనే మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు క్లోజర్. దాని పక్కన సాధారణంగా రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి మూసుకునే వేగానికి, రెండోది చివర్లో గడియ పడే ఊపుకి. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకుండా, ప్రతిసారీ తలుపు వదిలి చూడండి. స్క్రూను పూర్తిగా బయటికి తీస్తే లోపలి నూనె కారిపోతుంది. ఇప్పటికే నూనె కారుతున్న క్లోజర్‌కు మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

4. సందులు కొలవండి

పైనా రెండు పక్కలా సందు 3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. కాస్త అటూ ఇటూ, అంటే 2 నుంచి 4 వరకు ఫర్వాలేదు. కింద ఎంత ఉండవచ్చో తలుపు రకాన్ని బట్టి మారుతుంది కనుక తయారీదారు పత్రం చూడండి. ఒక పక్క దీపాలు ఆపి, అవతలి పక్క వెలుగు ఎక్కడ కనిపిస్తోందో చూస్తే పెద్ద సందులు ఇట్టే దొరుకుతాయి. వెలుగు వచ్చే చోట పొగ కూడా వస్తుంది, చాలా ప్రమాదాల్లో మంటకన్నా ముందు ప్రాణం తీసేది పొగే. తలుపు బిగుసుకుందని అంచును చిత్రిక పట్టడం మాత్రం వద్దు.

5. సీల్ పట్టీలు

అంచు గాడిలో ఉండే పట్టీ మామూలప్పుడు ఏమీ చేయదు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చాలా రెట్లు ఉబ్బి సందును మూసేస్తుంది. దాని పక్కనుండే కుచ్చు లేదా రబ్బరు పట్టీ చల్లటి పొగను ఆపుతుంది. కుచ్చుకు రంగు అంటితే గట్టిపడి పనికిరాదు. చిరిగిన పట్టీకి ముక్కలు అతికించకుండా, గాడి శుభ్రం చేసి, పరీక్షించిన రకాన్నే పూర్తి పొడవునా కొత్తది వేయించండి.

6. వీటికి సొంత వైద్యం వద్దు

పాత తాళం తీసేసిన రంధ్రానికి మామూలు పుట్టీ, పగిలిన అద్దం స్థానంలో సాదా అద్దం, చౌకట్టుకూ గోడకూ మధ్య మామూలు ఫోమ్. ఈ మూడూ పైకి చక్కగా కనిపిస్తాయి, వేడికి నిలబడవు. రంధ్రాన్ని తయారీదారు ఒప్పుకున్న పదార్థంతో పూర్తిగా నింపించాలి. అద్దం అదే రేటింగుది కావాలి. రెక్క పగిలినా వంగినా కొత్త తలుపే.

7. తెరిచి ఉంచాల్సిన తలుపులు

చెక్క ముక్క, కుర్చీ, అగ్నిమాపక సిలిండరు అడ్డం పెట్టి ఆపడం కన్నా పెద్ద లోపం లేదు. రోజంతా జనం తిరిగే చోట అలారంకు కలిపిన అయస్కాంత పట్టు పెట్టించండి. అలారం మోగినా కరెంటు పోయినా అది తలుపును వదిలేస్తుంది. అలారం పరీక్షించే రోజున ప్రతి తలుపూ వదులుతోందో లేదో నడిచి చూడాలి. రెండు రెక్కల తలుపులైతే, ఏది ముందు మూసుకోవాలో ఆ వరుసలోనే మూసుకుంటున్నాయా చూడండి.

అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 80 కనీసం ఏడాదికోసారి తనిఖీ చేయాలంటుంది. మెట్ల దగ్గరా నడవాల్లోనూ ఉండే తలుపులు రోజూ వందలసార్లు తెరుచుకుంటాయి కాబట్టి, వాటిని నెలకోసారైనా వదిలి చూడమని నా సలహా. తలుపు నంబరు, తేదీ, కనిపించిన లోపం, చేసిన పని, చేసినవారి పేరు రాసిపెట్టండి. అదే రోజు బాగుచేయలేని లోపం ఉంటే భవనం అగ్ని భద్రత చూసేవారికి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. మరమ్మతు అయ్యాక మళ్లీ పైన 2వ అంశంలో చెప్పిన పరీక్ష నుంచి మొత్తం పరీక్షించాకే ఆ పద్దు మూయండి.