ఫాయిల్ పొట్లంలో చికెన్: ఇంట్లో ఓవెన్‌లో, క్యాంపులో నిప్పుల మీద

చికెన్, కూరగాయలు, కాస్త నూనె, ఉప్పు. అన్నీ అల్యూమినియం ఫాయిల్‌లో పెట్టి మడిచి వేడి మీద పెడితే అరగంటలో భోజనం సిద్ధం, గిన్నెలు తోమే పని కూడా ఉండదు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ మొదటిసారి చేసినవాళ్లు పొట్లం విప్పి చూస్తే చికెన్ పీచుపీచుగా ఎండిపోయి ఉంటుంది, పక్కనే బంగాళాదుంప పంటి కింద కరకరమంటుంది. మామూలు కూరైతే మధ్యలో మూత తీసి, కలిపి, ఉప్పు చూసి సరిదిద్దుకుంటాం. ఇక్కడ మడత పడ్డాక పొట్లాన్ని అటూ ఇటూ తిప్పడం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. ఏ ముక్క ఎంత మందం, ఏది అడుగున, ఏది పైన అన్నవన్నీ మడవకముందే తేల్చుకోవాలి.

పొట్లంలో జరిగేది వేపుడు కాదు, ఆవిరి మీద ఉడకడం. లోపల తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. మాంసం ఎర్రగా వేగాలంటే పైపొర తడి ఆరి దాదాపు 140 డిగ్రీలకు చేరాలి. అందుకని కాల్చిన చికెన్ రంగు ఇందులో రాదు. రసం పోకుండా మెత్తగా ఉడికిన మాంసం, ఆ రసం తాగిన కూరగాయలు, వీటికోసమే ఈ పద్ధతి. రంగు లేకపోతే ముద్ద దిగనివాళ్లకు ఒక ఉపాయం ఉంది, ఓవెన్ దగ్గర చెప్తాను.

ఏ ముక్క, ఎంత

మనిషికొక పొట్లం లెక్క. ఒక్కో దానికి ఎముకలేని చికెన్ 150 గ్రాములు, కూరగాయలు 200 గ్రాములు, నూనె గానీ వెన్న గానీ ఒక టేబుల్‌స్పూను. ఉప్పు మొత్తం బరువులో ఒక శాతం, అంటే మూడున్నర గ్రాములు. మెత్తటి ఉప్పయితే అర టీస్పూను కంటే కొంచెం ఎక్కువ. నలుగురికీ కలిపి ఒకే పెద్ద మూట కట్టాలనిపిస్తుంది. కట్టకండి. అంచులు మెత్తబడి పేస్టయ్యేసరికి కూడా మధ్యలో పచ్చిగానే ఉంటుంది.

బ్రెస్టా, తొడ మాంసమా అంటే, నిప్పుల మీదైతే రెండో మాట లేకుండా తొడ మాంసమే. లోపలి వేడి 74 డిగ్రీలకు చేరితే ఏ చికెన్ అయినా తినడానికి సురక్షితం. బ్రెస్ట్ ఆ అంకె దాటిన కొద్దీ ఎండిపోతుంది. తొడ మాంసంలో కొవ్వూ, పట్టి ఉంచే కణజాలమూ ఎక్కువ. ఆ కణజాలం కరిగి జిగురవుతుంది కాబట్టి 80, 85 డిగ్రీలకు పోయినా ఇంకా మెత్తబడుతుందే తప్ప పాడవదు. నిప్పుల వేడిని ఓవెన్‌లా అంకె మీద నిలబెట్టలేం. పది నిమిషాలు అటూ ఇటూ అయినా క్షమించే ముక్క అక్కడ కావాలి. బ్రెస్టే వాడాలనుకుంటే రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి, లేదా అంతా ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వచ్చేలా చపాతీ కర్రతో తట్టి పరచండి. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉన్న ముక్కను అలాగే పెడితే సన్నని వైపు రబ్బరవుతుంది.

చికెన్‌ను కుళాయి కింద కడగడం అలవాటుంటే ఇక్కడ మానుకోండి. నీళ్లు చింది సింకు మీద, పక్కనున్న కూరగాయల మీద బ్యాక్టీరియా పడుతుంది. చికెన్ మీద ఉన్నవాటిని ఎలాగూ వేడే చంపుతుంది. పేపర్‌తో తడి అద్దితే చాలు.

కూరగాయల దగ్గరే లెక్క తప్పుతుంది

బంగాళాదుంప 85 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా మెత్తబడదు. అంటే చికెన్ ఉడికిపోయే వేడికి దుంప ఇంకా మొదలే పెట్టలేదన్నమాట. చికెన్ ముక్కలు పెద్దవిగా, దుంప ముక్కలు సన్నగా ఉండాలి. బంగాళాదుంప 5 మిల్లీమీటర్ల చక్రాలు, క్యారెట్ 3 మిల్లీమీటర్లు. ఉల్లిపాయ, క్యాప్సికం 2 సెంటీమీటర్ల ముక్కలు. బీన్స్, పుట్టగొడుగులు ఉన్నవున్నట్టే వేయొచ్చు. మొక్కజొన్న కండెను రెండున్నర సెంటీమీటర్ల చక్రాలుగా కోయండి. ఫ్రోజెన్ కూరగాయలు వద్దు, నీరు వదిలి పొట్లం అడుగున చెరువు కడతాయి. బియ్యం వేయాలనుకుంటే వండిన అన్నమే వేయండి.

దుంప పచ్చిగా మిగలడానికి ఇంకో కారణం చాలామందికి తట్టదు. అది పులుపు. నిమ్మరసం, వెనిగర్, టమాటా తగిలితే దుంప, క్యారెట్ గట్టిగానే ఉండిపోతాయి, ఎంతసేపు పెట్టినా అంతే. పైగా పులుపూ ఉప్పూ కలిసి ఫాయిల్‌ను కూడా తింటాయి. అక్కడక్కడా సూదిమొన రంధ్రాలు పడతాయి, తిండికి లోహపు రుచి వస్తుంది. అందుకని నిమ్మకాయ పొట్లం విప్పాకే పిండుకోండి. టమాటా తప్పదనుకుంటే ఓవెన్‌లో చేసేటప్పుడు ఫాయిల్ లోపల బేకింగ్ పేపర్ పరవండి.

మసాలా విషయంలో పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక్కో పొట్లానికి మిరియాల పొడి అర టీస్పూను, కారం అర టీస్పూను, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఎండు మూలికలు ఏవైనా చిటికెడు. వెల్లుల్లిని మాత్రం వీలైనంత సన్నగా తరగండి. ఆవిరిలో అది ఎర్రబడదు కాబట్టి పెద్ద ముక్కలైతే పచ్చి ఘాటు అలాగే మిగిలిపోతుంది. తేనె, తియ్యటి సాస్ ముందే కలిపితే నిప్పుల మీద అడుగంటి చేదెక్కుతాయి. వడ్డించేటప్పుడు పోసుకోండి.

మడత

ఫాయిల్ మందంగా ఉండాలి. హెవీ డ్యూటీ అని అమ్మేది సుమారు 24 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, మామూలుది 16 లేదా ఇంకా తక్కువ. మామూలుదే ఉంటే రెండు పొరలు వేయండి. మెరిసే వైపు లోపలికా, బయటికా అన్న వాదనలో పసలేదు. చివరి దశలో రెండు రేకులను కలిపి రోలర్ల మధ్య నొక్కుతారు. రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది, రెండో రేకుకు ఆనిన వైపు మసకగా ఉంటుంది. వంటకు రెండూ ఒకటే.

45 సెంటీమీటర్ల చదరపు ముక్క తీసుకుని మధ్యలో నూనె రాయండి. అడుగున ఉల్లిపాయ ముక్కలు. వేడికి ముందు మాడేది అడుగున ఉన్నదే కాబట్టి ఆ దెబ్బ ఉల్లిపాయ తింటే నష్టం లేదు. దాని మీద బంగాళాదుంప, క్యారెట్ ఒకే వరసగా, ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా. ఆపైన చికెన్, చివర క్యాప్సికంలాంటి మెత్తటివి, వాటి మీద వెన్న. అది కరిగి కిందికి దిగుతుంది. పుట్టగొడుగుల్లా నీరు వదిలేవి లేకపోతే ఒక టేబుల్‌స్పూను నీళ్లు గానీ చికెన్ స్టాక్ గానీ చల్లండి.

ఇప్పుడు ఎదురెదురు అంచులు రెండూ పైకి లేపి ఒకదానికొకటి ఆనించండి. రెండూ కలిపి ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మడిచి, గోటితో గీత పడేలా నొక్కండి. అదే మడతను ఇంకోసారి. తిండికీ మడతకూ మధ్య మూడు వేళ్ల ఎత్తు ఖాళీ ఉండగానే ఆపేయండి. ఆవిరి తిరగడానికి ఆ చోటు కావాలి. బిగించి చుడితే ఉబ్బడానికి చోటు లేక మడత దగ్గరే విచ్చుకుంటుంది. తర్వాత రెండు చివరలు చదును చేసి, ఒక్కోటి రెండేసి మడతలు లోపలికి. చివరలను చాక్లెట్ కాగితంలా మెలితిప్పి వదిలేస్తే రసమంతా అక్కణ్ణుంచే కారిపోతుంది. నిప్పుల మీదికైతే ఇంకో ఫాయిల్ ముక్కలో, మొదటి మడతకు అడ్డంగా మడత వచ్చేలా మళ్లీ చుట్టండి.

సరిగ్గా మూసుకున్న పొట్లం వేడెక్కాక బుడగలా ఉబ్బుతుంది. పావుగంట దాటినా ఉబ్బలేదంటే ఎక్కడో ఆవిరి పోతోంది, లేదా వేడి చాలట్లేదు.

ఇంట్లో

ఓవెన్‌ను 200 డిగ్రీలకు ముందే వేడి చేయండి, ఫ్యాన్ ఉన్నదైతే 180 చాలు. పొట్లాలను ట్రేలో, మధ్య అరలో పెట్టండి. బ్రెస్ట్ ముక్కలకు 20 నుంచి 25 నిమిషాలు, ఎముకలేని తొడ మాంసానికి 30 నుంచి 35, ఎముకున్న కాళ్లకు 45 నుంచి 50. బయటికి తీశాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, ముఖం దూరంగా పెట్టి పైన కత్తెరతో చిన్న గాటు పెట్టండి. మొదటి ఆవిరి చెయ్యి కాల్చేంత వేడిగా వస్తుంది. రంగు కావాలంటే ఇప్పుడు పొట్లం పూర్తిగా తెరిచి పై గ్రిల్ కింద మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. లోపల బేకింగ్ పేపర్ ఉంటే మాత్రం ఈ పని చేయొద్దు, అంటుకుంటుంది.

ఓవెన్ లేకపోతే మందపాటి ఇనుప పెనం, దానికో మూత. పెనం వేడయ్యాక పొట్లం పెట్టి, మధ్యస్థం కంటే కొంచెం తక్కువ మంట మీద, ఎనిమిది నిమిషాలకోసారి తిప్పుతూ అరగంట. మైక్రోవేవ్‌లో ఫాయిల్ పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి.

క్యాంపులో

చికెన్‌ను ఇంట్లోనే కోసి, మసాలా పట్టించి, జిప్ కవర్‌లో గడ్డకట్టించి తీసుకెళ్లండి. ఐస్‌బాక్స్‌లో అదే ఇంకో ఐసుగడ్డలా పనిచేస్తుంది. పెట్టె లోపల 4 డిగ్రీలకు మించకూడదు. చికెన్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. గడ్డ పూర్తిగా కరిగాకే పొట్లం కట్టాలి. గడ్డతోనే నిప్పుల మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. బంగాళాదుంపలు కూడా ఇంట్లోనే ఐదు నిమిషాలు ఉప్పునీళ్లలో ఉడికించి తెచ్చుకుంటే సగం తలనొప్పి తీరినట్టే.

తొందరపడి మంట మీదే పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, కట్టెల మంట అంతకు మించిపోగలదు. ఫాయిల్ కరిగే దాకా పోకపోయినా మంట తగిలిన చోట లోపలిది బొగ్గవుతుంది, మిగతాది పచ్చిగానే ఉంటుంది. కట్టెలు ముప్పావు గంట నుంచి గంట కాలి, మంట ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర పట్టాలి. వాటిని 5 సెంటీమీటర్ల మందాన పరిచి, అరచేతిని ఒక జానెడు కంటే తక్కువ ఎత్తులో ఉంచి లెక్కపెట్టండి. నాలుగైదు సెకన్లకు చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే సరైన వేడి. రెండు సెకన్లకే లాగేసుకుంటే ఇంకాస్త ఆగండి.

గ్రిల్ తట్ట ఉంటే దాని మీద, లేకపోతే నేరుగా నిప్పుల మీదే. నేరుగా అయితే ఫాయిల్ లోపల ముందుగా రెండు క్యాబేజీ ఆకులు పరవండి, మాడేదేదో అవే మాడతాయి. పొడవాటి పటకారుతో, ఫాయిల్ చిరక్కుండా మడత పట్టుకోకుండా అడుగు నుంచి లేపి, ఎనిమిది నిమిషాలకోసారి తిప్పండి. తొడ మాంసానికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. గాలి వీస్తే నిప్పులు ఒకవైపే రగులుతాయి కాబట్టి పొట్లాల చోట్లు కూడా మార్చండి. కొండల మీదైతే ఇంకాస్త ఓపిక కావాలి. 3000 మీటర్ల ఎత్తున నీరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చికెన్‌కు అది చాలు, దుంపకు మాత్రం చాలా ఎక్కువ సమయం పడుతుంది. అక్కడికి ముందే పూర్తిగా ఉడికించిన దుంపలే తీసుకెళ్లండి.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. 74 డిగ్రీలు దాటినా కొన్ని ముక్కలు గులాబీరంగులోనే ఉంటాయి, దాటకుండానే కొన్ని తెల్లబడతాయి. ముల్లు గుచ్చే థర్మామీటర్ ఒకటి వెంట ఉంచుకోండి. పొట్లం పై భాగం నుంచి అన్నిటికన్నా లావు ముక్కలోకి గుచ్చండి. కింద నుంచి గుచ్చితే రసం కారిపోతుంది. చాలకపోతే ఆ రంధ్రం మీద ఇంకో ఫాయిల్ ముక్క కప్పి మళ్లీ పెట్టేయండి.

మిగిలితే

ఫాయిల్‌లోనే వదిలేయకండి. ముఖ్యంగా బంగాళాదుంప. గాలి ఆడని ఆ తడి వెచ్చదనంలో బోటులిజం అనే, నరాలను దెబ్బతీసే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. దాని బీజాలు ఉడికినా చావవు. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో ఫాయిల్ చుట్టి కాల్చిన దుంపలను గది వేడిలో వదిలేసి, తర్వాత వాటితో చేసిన డిప్ (రొట్టెలాంటివి ముంచుకుని తినే చిక్కటి ముద్ద) తిని 30 మంది ఈ జబ్బున పడ్డారు. రెండు గంటల్లోపు ఫాయిల్ తీసేసి, గాజు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో తినేయండి. స్టీలు గిన్నెలో పెట్టి ఫాయిల్ కప్పితే, ఉప్పూ పులుపూ ఉన్న తిండి తగిలిన చోట ఫాయిల్ కరిగి నల్లటి మచ్చలు దిగుతాయి.

క్యాంపులో వాడిన ఫాయిల్‌ను నిప్పుల్లో పడేస్తే కాలి బూడిదవదు, ముక్కలుగా చిట్లి మట్టిలో మిగిలిపోతుంది. చల్లారాక అంటుకున్నది గీకేసి, ఉండ చుట్టి సంచిలో వేసుకోండి. నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా తగలనప్పుడే అక్కణ్ణుంచి కదలండి.