ఎవరికి ఏ రహస్యం: నవల పేరు చెప్పే ముందు

"మంచి మిస్టరీ నవల ఒకటి చెప్పండి" అని అడిగినవారికి నేను వెంటనే పేరు చెప్పను. చివరి పేజీకి వచ్చాక కూడా చిక్కుముడి విడకపోతే మీకు కోపం వస్తుందా అని ముందు అడుగుతాను. ఆ జవాబు తెలిస్తే సగం పని అయినట్టే. పిల్లలో, యుక్తవయసువారో పాత రహస్యాన్ని తవ్వుకుంటూ వెళ్లే ఈ నవలల్లో నేరం ఎవరు చేశారన్నది చాలాసార్లు చిన్న సంగతి. ఆ ఇంటి నీడలు, ఊరివాళ్ల మౌనం, పెద్దవాళ్లు మాట మార్చే తీరు, అసలు కథంతా అక్కడే ఉంటుంది.

కోపం వస్తుందన్నవారికి కార్లోస్ రూయిస్ సఫోన్ రాసిన "ద షాడో ఆఫ్ ద విండ్" చెబుతాను. 2001లో స్పానిష్‌లో వచ్చింది. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, 1945 బార్సిలోనాలో మొదలవుతుంది. పుస్తకాల దుకాణం నడిపే తండ్రి, పదేళ్ల డేనియల్‌ను మరుపున పడిన పుస్తకాలను దాచే ఒక రహస్య భవనానికి తీసుకెళతాడు. అక్కడ ఆ పిల్లవాడు ఎంచుకున్న నవల ఉందే, దాని రచయిత పుస్తకాలన్నిటినీ ఎవరో వెతికి వెతికి తగలబెడుతున్నారు. లావు పుస్తకమే, కానీ వేసిన ముడులను ఓపికగా విప్పుతుంది.

పరవాలేదన్నవారికి జోన్ లిండ్సే "పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్" (1967). 1900లో ఆస్ట్రేలియాలోని ఒక బాలికల పాఠశాల నుంచి విహారానికి వెళ్లిన అమ్మాయిల్లో కొందరు, వారితోపాటు ఒక ఉపాధ్యాయిని కనిపించకుండా పోతారు. మిట్టమధ్యాహ్నం గడియారాలు ఆగిపోతాయి. ఆ ఎండలోని నిశ్చలత్వం ఏ చీకటి బంగళాకూ తీసిపోదు. ప్రచురణ సమయంలో తీసేసిన చివరి అధ్యాయం రచయిత్రి మరణించాక 1987లో విడిగా వచ్చింది. దాని ఊసు మాత్రం వాళ్లు నవల పూర్తి చేసేదాకా ఎత్తకండి. ఆ లోటుతో కొన్నాళ్లు గడపడమే ఈ పుస్తకం ఇచ్చే అనుభవం.

ఇక రెండో ప్రశ్న: కథ చెప్పే మనిషిని పూర్తిగా నమ్మలేకపోతే ఇబ్బందా? కాదంటే షర్లీ జాక్సన్ "వి హ్యావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ద కాజిల్" (1962) ఇవ్వండి. పద్దెనిమిదేళ్ల మెరికాట్ తనను తాను పరిచయం చేసుకునే మొదటి పేరా పైకి చదివి వినిపిస్తే చాలు. చక్కెరలో కలిసిన విషం ఆరేళ్ల కిందట ఆ ఇంట్లో నలుగురిని బలి తీసుకుంది. విచారణ ఎదుర్కొన్న అక్క నిర్దోషిగా బయటపడింది, ఊరు మాత్రం మరచిపోలేదు. చిన్న పుస్తకం. నాకు వీటన్నిటిలో ఇదే ఎక్కువ ఇష్టం.

నెమ్మదిగా సాగే కథలు పడనివారికి మార్క్ హాడన్ "ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్‌టైమ్" (2003) సరిపోతుంది. పొరుగింటి కుక్కను ఎవరు చంపారో పదిహేనేళ్ల క్రిస్టఫర్ తేల్చుకోవాలనుకుంటాడు, సొంత ఇంటి రహస్యాలు బయటపడతాయి. అధ్యాయాలకు వరుస అంకెలు కాక ప్రధాన సంఖ్యలు ఉంటాయి.

పేరు చెప్పేటప్పుడు చోటు, పిల్లల వయసు, మొదట తలెత్తే ప్రశ్న, ఈ మూడూ చెప్పి ఆగండి. "చివర్లో పెద్ద మలుపు ఉంది" అని ఎప్పుడూ అనకండి. అలా అంటే చదివేవారు మలుపు కోసమే కాచుకుని కూర్చుంటారు, మధ్యలోని వాక్యాలు వాళ్ల కళ్లకు ఆనవు. ప్రధాన పాత్ర చిన్న వయసుదే కాబట్టి పుస్తకమూ పిల్లలదే అనుకుని బడి వయసువారికి ఇచ్చేయడమూ తగదు. జాక్సన్ నవల, సఫోన్ నవల పెద్దలవే. ఈమధ్య ఆత్మీయులను పోగొట్టుకున్నవారైతే, కథలో మరణాలు ఉన్నాయని ముందే చెప్పండి. దానివల్ల రహస్యమేమీ పాడైపోదు.

యాభై పేజీల దగ్గర ఆగిపోయారని తెలిస్తే ఒత్తిడి చేయకండి. ఎక్కడ ఆసక్తి తగ్గిందో అడగండి. మనుషులు నచ్చి కథనం బరువనిపిస్తే జాక్సన్‌కు మార్చండి. మనుషులే నచ్చకపోతే హాడన్ దగ్గరికి పంపండి.