ముంబై తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్‌ను వెనుక వైపు నుంచి చూడటం

ముంబైలోని అపోలో బందర్ చేరినవారిలో ఎక్కువమంది మొదట చేసే పని గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర నిలబడి తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్‌ను ఫొటో తీసుకోవడం. ఆ భవనాన్ని కట్టిన తీరు తెలుసుకోదలచినవారు ఫొటోల పని తరువాతకు పెట్టుకొని, ముందుగా పక్క వీధిలోంచి నడిచి హోటల్ వెనుక ఉన్న మెరీవెదర్ రోడ్డుకు వెళ్లడం మంచిది. 1903 డిసెంబరు 16న హోటల్ ప్రారంభమైనప్పుడు దాని ముఖద్వారం నగరం వైపున, అంటే ఇప్పుడు మనం వెనుక భాగం అనుకుంటున్న చోటనే ఉండేది. రెండు పార్శ్వాలు ముందుకు చాచిన ఆ ఆవరణలో ఇప్పుడు ఈతకొలను ఉంది కనుక రోడ్డు మీది నుంచి అంతా కనిపించదు. పై అంతస్తుల వరుసను చూసి మిగిలినదాన్ని ఊహించుకోవాలి.

ఈ వీధిలో నిలబడితే ఒక పాత కథ గుర్తుకు రాక మానదు. విదేశీ వాస్తుశిల్పి పంపిన నమూనాను ఇక్కడివారు తలకిందులుగా అర్థం చేసుకొని భవనాన్ని వెనక్కి తిప్పి కట్టారని, అది చూసి ఆయన ప్రాణం తీసుకున్నాడని చెబుతారు. ఆ కథను నమ్మనక్కరలేదు. జంషెడ్జీ టాటా కోసం ఈ భవనానికి రూపకల్పన చేసినవారు సీతారామ్ ఖండేరావ్ వైద్య, డి.ఎన్. మీర్జా అనే భారతీయులు. వైద్య మరణించాక పనిని పూర్తి చేసినవాడు డబ్ల్యూ.ఎ. చేంబర్స్ అనే ఆంగ్లేయుడు. అపోలో బందర్ నగరానికి తూర్పున, ఓడరేవు జలాల ఒడ్డున ఉంది. ముంబైకి చల్లగాలి మాత్రం పడమటి నుంచి, అరేబియా సముద్రం మీదుగా వస్తుంది. పడమటికి తెరుచుకున్న ఆవరణ ఆ గాలిని గదుల్లోకి మళ్లిస్తుంది. పైగా అతిథుల గుర్రపు బండ్లు వచ్చేది కూడా నగరం వైపు నుంచే. ఇన్ని అనుకూలతలు ఉన్న ఏర్పాటును పొరపాటు అనడం కష్టం.

ఇప్పుడు సముద్రం వైపుకు రావచ్చు. ఈ ముఖం తూర్పు దిక్కున ఉంది కాబట్టి ఉదయపు ఎండలోనే రాతి పని బాగా కనిపిస్తుంది. సాయంత్రం వస్తే వెలుగు భవనం వెనక్కి పోతుంది. చూపును కింది నుంచి పైకి నెమ్మదిగా తీసుకెళ్లాలి. కమానులను, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలను వేరువేరుగా గమనిస్తే, గుజరాత్ హవేలీల ఝరోఖాలు, ఇస్లామీ కట్టడాల కమానులు, యూరప్ భవనాల కొలతలు ఒకే గోడ మీద ఎలా కలిశాయో తెలుస్తుంది. ఈ కలయికనే ఇండో సారసెనిక్ శైలి అంటారు. మూలల్లో చిన్న గుమ్మటాలు, నడుమ సుమారు 240 అడుగుల ఎత్తున పెద్ద గుమ్మటం ఉన్నాయి. పక్కటెముకల్లాంటి నిలువు గీతలున్న ఆ పెద్ద గుమ్మటం ఇటలీ రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) రీతికి దగ్గరగా కనిపిస్తుంది. దానికి ఈఫిల్ టవర్‌లో వాడిన ఉక్కునే వాడారని చాలామంది చెబుతారు గాని, ఈఫిల్ టవర్‌ను కట్టింది ఉక్కుతో కాదు, శుద్ధి చేసిన ఇనుముతో. అందువల్ల ఆ మాటను విని వదిలేయడమే మేలు.

ఎదుట ఉన్న గేట్‌వే 1924లో ప్రారంభమైంది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా, ఓడ మీద బొంబాయి చేరే ప్రయాణికుడికి తీరాన ఎదురైన పెద్ద కట్టడం ఈ హోటలే.

లోపలికి వెళ్లాలంటే భద్రతా తనిఖీ తప్పదు. బస చేయని వారికి సులువైన దారి మొదటి అంతస్తులోని సీ లౌంజ్‌లో టీ తాగడం, ఖర్చు ఎక్కువే. వీలైతే గుమ్మటం కింది మెట్ల దారిని తప్పక చూడాలి. ఆ మెట్లకు ఒక కొన గోడలో దిగి ఉంటుంది, రెండో కొన కింద ఏ స్తంభమూ ఉండదు. మెట్లెక్కే ముందు కింద నిలబడి తలెత్తి చూస్తేనే ఆ పనితనం బోధపడుతుంది. 2008 నవంబరు దాడిలో ఈ పాత భవనం తీవ్రంగా దెబ్బతిన్నది; మరమ్మతుల తరువాత 2010 ఆగస్టు 15న తిరిగి తెరిచారు.

పక్కనున్న ఎత్తైన టవర్ 1970ల నాటిది. దాని కమానులు పాత భవనాన్ని అనుకరించబోయాయి గాని, నా దృష్టిలో అవి దాని పక్కన తేలిపోయాయి.

2017లో ఈ భవన రూపాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించారు. సొంతానికి తీసుకునే ఫొటోలకు దానితో ఇబ్బంది లేదు. ఆ బొమ్మను వ్యాపారానికి వాడదలచినవారు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి.

వాయిదా వేసుకున్న ఫొటోకు మంచి చోటు నీటి మీద ఉంది. గేట్‌వే దగ్గర ఎలిఫెంటా గుహలున్న దీవికి వెళ్లే పడవ ఎక్కాలి. సోమవారం గుహలు మూసి ఉంటాయి కనుక ఆ రోజును తప్పించుకోవాలి. పడవ బయలుదేరాక వెనుక భాగంలో నిలబడితే, కొంత దూరం సాగేసరికి గేట్‌వే, పెద్ద గుమ్మటం, మూలల గుమ్మటాలు, టవర్ అన్నీ ఒకే చూపులోకి వస్తాయి.