నోడ్‌లో బఫర్, అర్రేబఫర్‌ల మార్పిడి: కాపీనా, అదే మెమరీనా?

బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్.జెఎస్ 2009లో వెలువడినప్పుడు ముడి బైట్లను దాచుకోవడానికి జావాస్క్రిప్ట్ భాషలో ప్రామాణికమైన రకమేదీ లేదు కాబట్టి, ఫైళ్లతోనూ సాకెట్లతోనూ పని చేయడానికి నోడ్ తన సొంత బఫర్‌ను తయారు చేసుకోవలసి వచ్చింది. అర్రేబఫర్ (ముడి బైట్ల మెమరీ), యూఇంట్8అర్రే (ఆ మెమరీని ఒక్కొక్క బైటుగా చూపేది) వంటివి భాషలో స్థిరపడ్డాక, 2015లో వచ్చిన నోడ్ 4 నుంచి బఫర్‌ను యూఇంట్8అర్రేకు ఉపతరగతిగా మార్చారు. అందువల్ల యూఇంట్8అర్రేను అడిగే ఏ ఫంక్షన్‌కైనా బఫర్‌ను ఉన్నదున్నట్టుగా ఇవ్వవచ్చు. నేను చూసిన మార్పిడి కోడ్‌లో సగం అసలు అవసరమే లేనిది.

నిజంగా అర్రేబఫరే కావలసి వచ్చినప్పుడు చాలామంది బఫర్ వస్తువులోని ‘.బఫర్’ ప్రాపర్టీని తీసి ఇచ్చేస్తారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. చిన్న బఫర్లకు విడివిడిగా మెమరీ కేటాయించడం ఖరీదైన పని కాబట్టి, నోడ్ ముందుగానే ఒక పెద్ద అర్రేబఫర్‌ను తీసిపెట్టుకుని, అందులోంచి ముక్కలు పంచుతుంది. దీనినే పూల్ అంటారు. చాలాకాలంగా దీని డిఫాల్ట్ పరిమాణం 8192 బైట్లు, అందులో సగానికంటే చిన్నవైన బఫర్లు, ‘బఫర్.ఫ్రమ్’ ద్వారానో ‘బఫర్.అలాక్‌అన్‌సేఫ్’ ద్వారానో పుట్టినవైతే, ఈ పూల్‌లోనే చోటు తీసుకుంటాయి. ‘తెలుగు’ అనే పదాన్ని ‘బఫర్.ఫ్రమ్’కు ఇచ్చి చూడండి. వచ్చిన బఫర్ పొడవు 18 బైట్లే, కానీ దాని ‘.బఫర్’ పొడవు అడిగితే పూల్ మొత్తం పరిమాణం కనబడుతుంది. ఒక మడి అడిగినవాడికి పొలమంతా అప్పగించినట్టన్నమాట. ఆ పొలంలో పక్క మడి మరో వినియోగదారుడి టోకెన్ కావచ్చు కాబట్టి ఇది కేవలం తప్పు లెక్క కాదు, భద్రతా లోపం కూడా. పైగా పెద్ద ఫైళ్లతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడకపోవచ్చు, ఎందుకంటే అవి పూల్‌లోకి రావు.

సరైన పద్ధతి ఇది: ‘.బఫర్’ మీద ‘స్లైస్’ను పిలిచి, మొదలుగా ‘బైట్‌ఆఫ్‌సెట్’ను (ఆ మెమరీలో మన బఫర్ మొదలయ్యే చోటు), చివరగా ‘బైట్‌ఆఫ్‌సెట్’కు ‘బైట్‌లెంగ్త్’ను (మన బఫర్ పొడవు) కలిపిన విలువను ఇవ్వాలి. ఇంతకంటే తేలికగా చదవగలిగేది కావాలంటే, బఫర్‌ను ఇచ్చి కొత్త యూఇంట్8అర్రేను సృష్టించి, దాని ‘.బఫర్’ను తీసుకోవచ్చు. రెండూ కచ్చితమైన పరిమాణంలో కొత్త కాపీని ఇస్తాయి, నేను రెండవదాన్నే వాడతాను.

ఎదురు దిశలో ‘బఫర్.ఫ్రమ్’ ఒక్కటే చాలు, కానీ దాని ప్రవర్తన ఇచ్చినదాన్ని బట్టి మారుతుంది. అర్రేబఫర్ ఇస్తే కాపీ చేయదు, అదే మెమరీని పంచుకుంటుంది. యూఇంట్8అర్రే ఇస్తే కాపీ చేస్తుంది. ‘ఫెచ్’ సమాధానం నుంచి వచ్చిన అర్రేబఫర్‌కు పంచుకోవడమే మేలు, అయితే దానినే తరువాత వర్కర్‌కు (విడి థ్రెడ్‌కు) బదిలీ చేస్తే, మీ చేతిలోని బఫర్ పొడవు 0 అయిపోతుంది. ‘స్లైస్’ విషయంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది: యూఇంట్8అర్రేలో అది కాపీ చేస్తుంది, బఫర్‌లో చేయదు. అందుకే బఫర్ మీద ‘స్లైస్’ను వాడవద్దని నోడ్ చెబుతోంది. కాపీ లేని ముక్క కావాలంటే రెండింటిలోనూ ఒకేలా పనిచేసే ‘సబ్‌అర్రే’ను వాడాలి.

ఫ్లోట్32అర్రే (ఒక్కొక్కటి 4 బైట్లు తీసుకునే దశాంశ సంఖ్యల వరుస) దగ్గర మరింత జాగ్రత్త అవసరం. దానిని నేరుగా ‘బఫర్.ఫ్రమ్’కు ఇస్తే బైట్లు రావు, ఒక్కొక్క సంఖ్యనూ ఒక్కొక్క బైటుగా కుదిస్తుంది: 3.7 కాస్తా 3 అవుతుంది, 300 కాస్తా 44 అవుతుంది, హెచ్చరిక మాత్రం ఉండదు. దాని ‘.బఫర్’, ‘బైట్‌ఆఫ్‌సెట్’, ‘బైట్‌లెంగ్త్’ మూడింటినీ ఇవ్వాలి. బఫర్‌ను వెనక్కి ఫ్లోట్32అర్రేగా మార్చేటప్పుడు బైట్‌ఆఫ్‌సెట్ 4 గుణిజం కాకపోతే రేంజ్‌ఎర్రర్ వస్తుంది. ఉదాహరణకు 5 బైట్ల హెడర్‌ను సబ్‌అర్రేతో తొలగించిన ప్యాకెట్‌కు ఇలా జరగవచ్చు. ముందు యూఇంట్8అర్రేగా కాపీ చేస్తే ఆఫ్‌సెట్ 0 అవుతుంది. ఫ్లోట్32అర్రే వంటి టైప్డ్ అర్రేలు యంత్రపు బైట్ క్రమాన్నే పాటిస్తాయి కాబట్టి, నెట్‌వర్క్ నుంచి బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ గల బైటు ముందు వచ్చే క్రమంలో) వచ్చిన డేటాను, క్రమాన్ని మనమే చెప్పగలిగే డేటావ్యూతో చదవడం క్షేమం.

స్ట్రింగుగా మార్చేటప్పుడు తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. ‘త’ అంటే 224, 176, 164. స్ట్రీమ్ నుంచి వచ్చే ముక్క ఈ మూడింటి మధ్యలో తెగితే, ఆ ముక్కను విడిగా ‘టుస్ట్రింగ్’ చేసినప్పుడు అక్షరం పోయి ప్రశ్నార్థకపు డైమండ్ గుర్తు మిగులుతుంది. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించేవారికి ఇది ఎన్నటికీ ఎదురుకాదు. ముక్కలన్నిటినీ ‘బఫర్.కన్‌క్యాట్’తో కలిపాకే మార్చండి, అంత మెమరీ లేకపోతే తెగిన బైట్లను తరువాతి ముక్క వచ్చేదాకా దాచిపెట్టే స్ట్రింగ్‌డీకోడర్‌ను వాడండి.