చలికాలం అరబిక్ కోర్సుకు అమ్మాన్ వెళ్తున్నారా? ఇవి ముందే చూసుకోండి

జనవరి బ్యాచ్‌లో అరబిక్ నేర్చుకోవడానికి జోర్డాన్ వెళ్తున్నానని ఇంట్లో చెబితే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ గొడవలేం లేవు కదా?" అడగాల్సిన ప్రశ్నే. అమ్మాన్‌లో మన ఎంబసీ ఉంది, దిగగానే పేరు నమోదు చేయించుకోండి. చుట్టుపక్కల దేశాల్లో ఉద్రిక్తత పెరిగితే విమానాలు రద్దవుతాయి కాబట్టి తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి. సిరియా, ఇరాక్ సరిహద్దుల వైపు షికార్లు వద్దు, మిలిటరీ చెక్‌పోస్టుల దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు. వీసా గడువు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఆపద వస్తే 911. ఈ సంగతులు ఎవరైనా చెబుతారు. నాలుగు నెలలు ఉండొచ్చాక నాకు చెప్పాలనిపించేవి వేరు.

అరబ్ దేశం, ఎడారి అనుకుని నేను రెండు స్వెట్టర్లతో దిగాను. అమ్మాన్ కొండల మీది ఊరు. కొన్ని ఏళ్లలో మంచు కూడా పడుతుంది. రాతి గోడల ఇళ్లు జనవరిలో లోపల బయటికంటే చల్లగా అనిపిస్తాయి. పైగా 2022 నుంచి గడియారాన్ని ఏడాదంతా వేసవి టైమ్‌లోనే, అంటే గంట ముందుకు జరిపే ఉంచేశారు, జనవరిలో ఏడున్నర దాటితేగానీ సూర్యుడు రాడు. ఎనిమిది గంటల క్లాసుకు చీకట్లోనే బయల్దేరాలి. ఫ్లాట్ చూసేటప్పుడు సోఫా, వైఫై తర్వాత చూడొచ్చు. ముందు "తద్ఫిఆ" ఉందా, అంటే హీటింగ్ ఉందా, రోజుకెన్ని గంటలు వేస్తారు, డీజిల్ ఖర్చు అద్దెలో కలిసుందా అని అడగండి.

హీటింగ్ లేని ఇంట్లో "సోబా" ఉంటుంది. సిలిండర్‌తో నడిచే చక్రాల హీటర్. ఒక రాత్రి కిటికీలన్నీ బిగించి, దాని పక్కన కూర్చుని మర్నాటి పరీక్షకు నలభై మాటలు బట్టీ పడుతున్నాను. తల దిమ్మెక్కింది, వికారం. క్రియారూపాల దెబ్బ అనుకున్నాను, నిజం. పై అంతస్తు అబ్బాయి నోట్సు కోసం వచ్చి, గుమ్మంలోనే ఆగి, పరుగున వెళ్లి కిటికీ తీశాడు. మూసిన గదిలో సోబా వదిలే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ). దానికి వాసన ఉండదు, రంగుండదు. మన దగ్గర బాత్రూమ్ గ్యాస్ గీజర్లు చేసే పనే ఇదీ చేస్తుంది. సోబా వెలుగుతున్నంతసేపూ కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంచండి. పడుకునే ముందు ఆపేయండి, ఎంత చలైనా సరే. చిన్న సీఓ అలారం ఒకటి ఇక్కడే కొని పెట్టెలో పడేసుకోండి.

ఇక చదువు. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు అరబిక్ నేర్పడానికి వేసుకున్న లెక్క 2200 గంటలు, 88 వారాలు. మీ కోర్సు పది వారాలు, వారానికి 20 గంటలనుకుంటే 200. "తిరిగొచ్చేసరికి గడగడా మాట్లాడేస్తా" అని ఎవరికీ మాటివ్వకండి. లిపి మాత్రం ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లండి, మొదటి వారం దాని మీద పోతే తర్వాత అందుకోలేరు. అంకెలు కూడా: సున్నాలా కనిపించేది అయిదు, ఉత్త చుక్క సున్నా. అందరూ వాడే హాన్స్ వేర్ డిక్షనరీ ధాతువుల వరసలో ఉంటుంది. "మక్తబ్" కోసం మ దగ్గర వెతికితే దొరకదు, క-త-బ దగ్గర చూడాలి. ఇది ముందే అలవాటు చేసుకోండి.

ఉర్దూ వచ్చిన హైదరాబాదీలకు మాటలు తోడొస్తాయి, ఉచ్చారణే మోసం చేస్తుంది. గొంతు లోపలి నుంచి పలికే "ఖాఫ్" (ق) అక్షరాన్ని ఉత్త కకారంగా పలికితే "గుండె" (ఖల్బ్) కాస్తా "కుక్క" (కల్బ్) అవుతుంది. అర్థాలూ మారిపోతాయి: మనకు పేదవాడైన గరీబు అక్కడ పరాయివాడు. "మామూల్" అంటే ఖర్జూరం పెట్టిన బిస్కెట్టు. మన ఆఫీసుల్లో అడిగే మామూలు కాదు, తినొచ్చు.

మూడో వారం జాగ్రత్త. అప్పటికి చలి, హోంవర్కు, అలసట కలిసి పగబడతాయి, సాయంత్రం కాగానే మనవాళ్ల గదిలో చేరి హిందీలోనో తెలుగులోనో పడిపోతాం. నేను నాలుగు రోజులు అలాగే పోగొట్టుకున్నాను. రాత్రి భోజనం అయ్యేదాకా అరబిక్ తప్ప మరో భాష వద్దని రూమ్మేట్‌తో మొదటి రోజే ఒప్పందం చేసుకోండి. వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం క్లాసుందని మర్చిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఈ మధ్య రంజాన్ కూడా చలికాలం చివర్లోనే వస్తోంది. అప్పుడు పగటిపూట బయట తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం చట్టప్రకారం నేరం, మంచినీళ్ల సీసా కూడా సంచిలోంచి తీయకండి.

చివరిది నీళ్లు. అమ్మాన్‌లో కుళాయి నీళ్లు చాలా వీధులకు వారానికోసారి వచ్చి డాబా మీది ట్యాంకుల్లో పడతాయి. అయిపోతే ట్యాంకర్‌ని పిలవాల్సిందే. మీ ఫ్లాట్‌కు విడిగా ట్యాంకుందా, మీ వీధికి ఏ రోజు వస్తాయో కనుక్కోండి. రెండో శనివారం, తలకు షాంపూ పెట్టుకున్నాక మా ట్యాంకు ఖాళీ అయింది. ఇంటాయనకు ఫోన్ చేసి, క్లాసులో నేర్చిన ఫుస్‌హాలో, అంటే పుస్తకాల అరబిక్‌లో, "నఫిదల్ మాఉ" అన్నాను. మన గ్రాంథికంలో "జలము నిండుకొన్నది" అన్నట్టు. అటు కాసేపు నిశ్శబ్దం, తర్వాత నవ్వు, తర్వాత ఫోన్ కట్. తల మీద తువ్వాలు చుట్టుకుని కింద కిరాణా కొట్టుకు పోతే అక్కడి కుర్రాడు చెప్పాడు, అక్కడి మాట "ఖిల్సత్ ఇల్‌మై" అని. విమానంలోనే బట్టీ పట్టండి.